తెల్లోళ్ల సీసాలో మన రంగు

మన రంగు అమ్ముడుపోతున్నది. సీసాల్లో, ట్యూబుల్లో, నురగ డబ్బాల్లో అమ్ముడుపోతున్నది. కొనేదెవరు? ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఉన్న తెల్లోళ్లు. కొనుక్కపోయి, ఇంట్ల తలుపేసుకొని ఒళ్లంతా పూసుకుంటున్నరు. ఎందుకు? కొంచెం కర్రెబడటానికి! ఇక్కడ దేవరకొండలో, అచ్చంపేటలో, గద్వాలలో మన ఆడపిల్లలు కిరాణం దుకాణంలో చిన్న పాకెట్ కొని ముఖానికి రుద్దుకుంటున్నరు. ఎందుకు? కొంచెం తెల్లబడటానికి! రెండు సరుకులూ అమ్మేది ఒక్కటే వ్యాపారం. కొన్నిచోట్ల ఒక్కటే కంపెనీ. ఈ గారడీ ఏందో మనం తేల్చుకోవాలె.

ముందు తెల్లోళ్ల పూత సంగతి చూద్దాం. దాన్ని వాళ్లు సెల్ఫ్ టాన్ అంటరు. ఎండకు పోకుండనే ఎండ తగిలినట్టు కనబడే రంగన్నమాట. అందులో పనిచేసే పదార్థం డైహైడ్రాక్సీఅసిటోన్. అదొక రకం చక్కెర. మన చర్మం పైపొర చచ్చిపోయిన కణాలతో ఉంటది. వాటిలోని మాంసకృత్తులతో కలిసి ఈ చక్కెర గోధుమ రంగు పుట్టిస్తది. పెనం మీద రొట్టె ఎట్ల ఎర్రబడతదో ఇదీ అట్లనే. 1950లలో అమెరికాలోని సిన్సినాటిలో జబ్బు పిల్లలకు ఈ పదార్థాన్ని మందుగా తాగిస్తుంటే, ఒలికిన చోటల్లా చర్మానికి రంగెక్కడం ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు గమనించింది. 1960లో కాపర్‌టోన్ కంపెనీ దాన్ని అంగట్లకు తెచ్చింది. తర్వాత మెల్లమెల్లగా రంగెక్కే రకం వచ్చింది. ఒంటికి రాసుకునే మామూలు లోషన్‌లో ఆ పదార్థాన్ని తక్కువ పాళ్లలో కలిపితే అదే ఇది.

దాన్ని పూసుకోవడం ఒక పెద్ద కొలువు. ముందు రోజు ఒళ్లు రుద్ది మృతచర్మం తీసెయ్యాలె. మోచేతులు, మోకాళ్లు, చీలమండలు పొడిబారి గరుకుగా ఉంటయి గనుక అక్కడ రంగు ఎక్కువ పడతది. అందుకని అక్కడ ముందు ఉత్త క్రీము రాయాలె. తర్వాత ఒళ్లంతా పలుచగా, సమానంగా పట్టించాలె. వెంటనే అరచేతులు కడుక్కోవాలె. లేకుంటే అరచేతులే గుట్టు బయటపెడతయి. ఆరేదాకా బట్ట తగలొద్దు. రంగు గంటల మీద లేస్తది. నాలుగైదు రోజులు వరుసగా రాస్తే కావలసిన ఛాయ వస్తది. ఆ తర్వాత రెండు మూడు రోజులకొకసారి రాస్తనే ఉండాలె. ఆపినరా, వారం తిరక్కముందే పైపొరతో పాటు రంగు కూడా పొక్కులు పొక్కులుగా ఊడిపోతది. పైగా ఆ రంగు ఎండ నుంచి కాపాడదు. దానికి వేరే క్రీము కొనుక్కోవాలె.

ఇంత తిప్పలపడి వాళ్లు వారం రోజులకు తెచ్చుకునే రంగు మన అవ్వ ఒంటి మీద పుట్టుకతోనే ఉన్నది. కడిగితే పోదు, నెలనెలా కొననక్కర లేదు. అది పైపూత కాదు, మెలనిన్. సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటది. మనిషికి రంగు కణాలు ఎక్కువా తక్కువా ఉండవు. తెల్లోనికీ కర్రెటోనికీ దాదాపు అన్నే ఉంటయి. అవి తయారుచేసే మెలనిన్‌లోనే తేడా. ప్రకృతి ఇచ్చిన ఈ గొడుగును అవమానం కింద ఎవరు మార్చిండ్రు? అదే మా ప్రశ్న.

జవాబు చర్మంలో దొరకదు, పనిలో దొరుకుతది. ఒకప్పుడు ఐరోపాలో కూడా తెలుపే గొప్ప. దొరసానులు గొడుగులు పట్టుకొని తిరిగేటోళ్లు. ఎందుకంటే ఎండలో కమిలినోళ్లు పొలం పనిచేసే రైతులు, కూలీలు. తర్వాత ఫ్యాక్టరీలు వచ్చినయి, గనులు వచ్చినయి. కూలోళ్లు పొద్దు మొఖం చూడకుండ లోపలనే పాలిపోయిండ్రు. సముద్రం ఒడ్డున తీరిగ్గా పండుకునే పైసలున్నోళ్ల ఒళ్లు గోధుమ రంగుకు తిరిగింది. 1920ల నుంచి అక్కడ ఆ రంగే సోకు అయింది. మనుషుల చర్మం మారలేదు. పని చేసే చోటు మారింది, దాంతో రంగుల అంతస్తు తలకిందులైంది. కష్టం చేసేటోని ఒంటి మీద ఏ రంగు ఉంటే ఆ రంగు నీచం, తీరిక ఉన్నోని ఒంటి మీద ఏది ఉంటే అది అందం. ఇంతే దీని మర్మం.

ఇక మన గడ్డకు రండి. మన పని ఎండ నుంచి ఎన్నడన్నా లోపలికి పోయిందా? పాలమూరు కూలోళ్లు మేస్త్రీల వెంట దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టిండ్రు, కాలువలు తవ్విండ్రు, రోడ్లు పోసిండ్రు. నల్లగొండల పత్తి ఏరేది, బత్తాయి తోటల్లో పనిచేసేది, గద్వాల దిక్కు విత్తనపత్తి పూలు దులిపేది ఎవరి పిల్లలు? నీడపట్టున కూసొని తిన్నోడు ఎండల పనిచేసినోన్ని చూసి 'కర్రెగున్నవ్' అని నవ్విండు. ఆ నవ్వుకు కులం కలిసింది. ఇక్కడ నలుపు అంటే కూలి, కూలి అంటే వాడ అయింది.

కొందరు మేధావులు అంటరు, ఆర్యులు తెల్లోళ్లు, మీరు నల్లోళ్లు, ఇది జాతి తేడా అని. ఆ మాట మనకొద్దు. 1936లో 'కులనిర్మూలన'లోనే అంబేద్కర్ దాన్ని కొట్టిపారేసిండు. పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒక్క జాతివాళ్లే అని తేల్చి చెప్పిండు. మన వాడల్లో ఎర్రటి పిల్లలు లేరా? అగ్రహారాల్లో నల్లటి అయ్యలు లేరా? ఉత్తరాదిన ఒక సామెత ఉన్నది, నల్ల బాపనోన్నీ ఎర్ర చమారునూ నమ్మొద్దని. అంటే ఏందన్నట్టు? రంగు కులంతో సరిపోలకపోతే మనిషినే అనుమానించాలన్నట్టు! రంగు కులాన్ని పుట్టించలేదు. కులమే రంగుకు విలువ కట్టింది.

ఈ విలువ మీదనే కంపెనీలు దుకాణం పెట్టినయి. హిందుస్థాన్ లీవర్ 1975లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' తెచ్చింది. నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెండ్లి కాదు, క్రీము రాస్తే అన్నీ అయితయి అని ఏండ్ల తరబడి బొమ్మలేసి చూపించింది. ఇమామి 2005లో మగపిల్లల కోసం 'ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్' దింపింది. నల్లగా ఉన్నోళ్లను ప్రకటనల్లో తక్కువ చేసి చూపొద్దని ప్రకటనదారుల సంఘం 2014లో నియమం పెట్టుకున్నది. అది వాళ్లకు వాళ్లు పెట్టుకున్న నియమం, చట్టం కాదు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసు మెడ మీద మోకాలు పెట్టి చంపినంక లోకమంతా లేచింది. అప్పుడు మన క్రీము 'గ్లో అండ్ లవ్లీ' అయింది. ఊరికి కొత్త పేరు పెడితే వెలివాడ పోతదా? ఆ కంపెనీ యజమాని యూనిలీవరే, తెల్లోళ్ల దేశాల్లో 'డవ్' పేరు మీద కర్రెబడే లోషన్ అమ్ముతూ వచ్చింది. జాన్సన్ అండ్ జాన్సన్ కూడా అటు న్యూట్రోజీనా టానింగ్, ఇటు న్యూట్రోజీనా ఫెయిర్‌నెస్ అమ్మి, తెల్లబడే సరుకును 2020లో ఆపింది.

ఇంకో మాట. లోషన్ రాసుకున్న తెల్లోడు ఎంత గోధుమ రంగు తేలినా నల్లోడు కాడు. వారానికి కడుక్కుంటడు. ఆ రంగుతో పుట్టినోనికే పోలీసు మోకాలు. ఇక్కడ మన పిల్ల ఎంత క్రీము రాసినా 'ఏ వాడ పిల్లవు?' అని అడుగుడు ఆగదు. కాబట్టి ఆశ చూపి అమ్మే సరుకు ఇది, విముక్తి కాదు.

పైసలు పోతే పోయినయి, ముఖాలు గూడ పోతున్నయి. పాకెట్ పనిచేయలేదని పిల్లలు మందుల దుకాణానికి పోతున్నరు. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టిరాయిడ్ పూతమందులు తెస్తున్నరు. మొదట తెల్లగనే కనిపిస్తది. నెలలు గడిస్తే చర్మం పలుచబడి నరాలు తేలుతయి, మొటిమలు లేస్తయి, ముఖం మీద వెంట్రుకలు వస్తయి, ఎండకు మంట పుడతది. ఆపితే ముఖం ఎర్రగా భగ్గుమంటది, అందుకే మళ్లా రాస్తరు. ఈ వ్యసనాన్ని ఒక జబ్బుగా మన దేశపు చర్మవైద్యులే గుర్తించిండ్రు. హైడ్రోక్వినోన్ ఏండ్లకేండ్లు రాస్తే చర్మం నీలినల్లటి మచ్చలు తేలతది. తెల్లబడబోయి మచ్చబడుడన్నమాట. 2018లో ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండ అమ్మొద్దని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మన పల్లెల్లో ఆ చీటీ అడిగేదెవరు? పాదరసం కలిపిన క్రీములు ఇంకా ఘోరం. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో అట్లాంటి క్రీములు వాడినోళ్లకు కిడ్నీ జబ్బులొచ్చినట్టు డాక్టర్లు బయటపెట్టిండ్రు.

మేం బడిపంతుళ్లం. 'కర్రోడా', 'కర్రిపిల్లా' అని పిలిచే గొంతులు స్టాఫ్‌రూముల్లో గూడ ఉన్నయి. వార్షికోత్సవం వస్తే ఎర్రటి పిల్లలను ముందు వరుసలో నిలబెట్టేది మా తోటి పంతుళ్లే. మన వాడల్లో గూడ 'పిల్ల రంగు తక్కువ' అని కట్నం పెంచుతున్నరు. దొర నవ్వును మన నోటితో మనమే నవ్వుతున్నం. దొరతనం అట్ల ఇండ్లల్లకు వస్తది.

కాబట్టి మేం అంటున్నది ఇది. బడిలో రంగు పేరుతో పిలిచే పంతులును పిల్లల ముందరనే నిలదీయాలె. రంగు చూసి కట్నం అడిగే సంబంధాన్ని గుమ్మంలోంచే పంపించాలె. చీటీ లేకుండ స్టిరాయిడ్ ట్యూబు అమ్మే దుకాణం మీద డ్రగ్ ఇన్స్‌పెక్టర్‌కు సంఘం పేరుతో ఫిర్యాదు రాసియ్యాలె. ఇప్పటికే ఆ ట్యూబు మరిగిన పిల్లను తిట్టొద్దు. ఒక్కసారిగా ఆపించొద్దు. సర్కారు దవాఖానలో చర్మవైద్యుడి దగ్గరికి తోలుకపోవాలె.

1980ల చివర బొజ్జా తారకం లాంటోళ్లు ఒక పక్షపత్రికకు 'నలుపు' అని పేరు పెట్టిండ్రు. తిట్టుగా విసిరిన మాటను జెండాగా పట్టుకున్నరు. మన ఆడపిల్ల అద్దం ముందర నిలబడి ఆ మాటను తలెత్తుకొని పలకగలిగిన నాడు గదా ఆ జెండా మన ఇంటిదాకా వచ్చినట్టు.

జై భీమ్!