పట్టా చేతికొచ్చింది, ధైర్యం ఎవరిస్తారు?

డిగ్రీ పూర్తవుతున్న పిల్లలకు మన సంఘాల్లో ఎక్కువగా వినిపించే సలహాలు రెండు: బాగా ప్రార్థన చేసుకో, ఇంగ్లీషు నేర్చుకో. రెండూ అవసరమే. కానీ మార్కులుండి, ఇంగ్లీషు వచ్చి కూడా ఇంటర్వ్యూ గుమ్మం దగ్గరే ఆగిపోయే యౌవనస్థులు మనలో చాలామంది ఉన్నారు. దరఖాస్తు నింపుతారు, పంపరు. "అలాంటివి మనలాంటోళ్లకు రావులే" అంటారు. కొందరు పెద్దలు దీన్ని బద్ధకం అంటారు, మరికొందరు అవిశ్వాసం అంటారు. నేను ఒప్పుకోను. ద్రాక్షతోట ఉపమానంలో సాయంత్రం దాకా సంతవీధిలో నిలబడిపోయినవారు సోమరులు కారు, వారిని పనికి పిలిచినవారే లేరు.

మన పిల్లలు ఎక్కడినుంచి వస్తున్నారో చూడండి. బెంగళూరు పౌరకార్మికుల్లో, చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరాల క్రితం వలస వెళ్లిన తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో తాతలు గనిలోకి దిగారు. 2001లో ఆ గనులు మూతపడ్డాక మనవలు రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లొస్తున్నారు. ఇలాంటి ఎన్నో ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం ఇదే. ఆఫీసులో ఎలా మాట్లాడాలో అడుగుదామంటే ఇంట్లో చెప్పేవారు లేరు.

"ఈ పని నేను చేయగలను" అనే నమ్మకం గురించి మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో రాశాడు. అది నాలుగు దారుల్లో వస్తుందన్నాడు: స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటివారు నెగ్గడం చూడడం, నమ్మదగినవారి ప్రోత్సాహం, గుండెదడను చేతగానితనంగా అర్థం చేసుకోకపోవడం. ఈ నాలుగూ కొందరికి ఇంట్లోనే దొరుకుతాయి. మన పిల్లలకు దొరకవు.

పైగా ఉన్న ధైర్యాన్ని కూడా కులం లాగేసుకుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో బడిపిల్లలతో కార్లా హాఫ్, ప్రియాంక పాండే చేసిన ప్రయోగం 2004లో వెలువడింది. కులం చెప్పనప్పుడు చిక్కుదారుల బొమ్మల్లో దారి కనుక్కోవడంలో అగ్రకులాల పిల్లలకూ దళిత పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అందరి ముందు కులం పైకి చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. అదే తెలివి, అదే పని. మారింది ఒక్క ప్రకటన. ఇక సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఢిల్లీ ప్రాంత కంపెనీల నియామక అధికారులతో మాట్లాడి 2007లో రాసినదాని ప్రకారం, వారిలో ఎక్కువమంది అభ్యర్థి "కుటుంబ నేపథ్యం" అడుగుతారు. "నాన్నగారు ఏం చేస్తారు?" అన్న ప్రశ్న మన పిల్లల చెవికి ఆ ప్రకటనలాగే వినిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళిత క్రైస్తవులకు ఎస్.సి. రిజర్వేషన్ కూడా లేదు కాబట్టి, ఆ ప్రైవేటు ఇంటర్వ్యూ గదే చాలామందికి దిక్కవుతోంది.

మరి సమాజం మారేదాకా కూర్చోవాలా? నిర్గమకాండము 4వ అధ్యాయం చూడండి. తనకు మాట నేర్పు లేదని మోషే వెనకాడాడు. దేవుడు అప్పటికే చేతికర్రతో అక్కడికక్కడే అతనిచేత చేయించి చూపించాడు. తర్వాత కోపించినా ఒంటరిగా పంపలేదు, అన్న అహరోనును తోడిచ్చాడు. సాధన, తోడు: మన సంఘాలు ఈ రెండూ ఇవ్వగలవు.

వి.బి.ఎస్.లో నలభైమంది పిల్లలను నడిపించిన అమ్మాయి, క్రిస్మస్ ఖర్చుల లెక్క రాసిన అబ్బాయి ఇంటర్వ్యూలో "అనుభవం లేదండి" అంటున్నారు. అది అనుభవమేనని చెప్పి బయోడేటాలో రాయించండి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే బిడ్డ తన యాస చూసి సిగ్గుపడుతోంది. మూడు భాషలు నెట్టుకొచ్చిన సామర్థ్యం అదని ఎవరో ఒకరు చెప్పాలి. సంఘంలో నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఐటీవాళ్లు ఉంటే నెలకొక ఆదివారం ఆరాధన తర్వాత గంటసేపు ఉత్తుత్తి ఇంటర్వ్యూలు చేయండి. సాక్ష్యం చెప్పేటప్పుడు వచ్చిన ఉద్యోగంతోపాటు, అంతకుముందు పోయిన ఉద్యోగాలూ చెప్పండి. ఒకసారి కాదంటే అంతా అయిపోయినట్టు కాదని చిన్నవాళ్లకు అప్పుడే తెలుస్తుంది.

యౌవనస్థులారా, "మా నాన్న పౌరకార్మికుడు" అని తలెత్తి చెప్పండి. ఊరిని శుభ్రంగా ఉంచే పనిలో అవమానం లేదు. కానీ ఆ భారమంతా మీ ఒక్కరి మీదే వేయడం న్యాయం కాదు. ఆ ప్రశ్న అడగడం మానమని కంపెనీలను, దళిత క్రైస్తవుల హక్కు తేల్చమని ప్రభుత్వాన్ని నిలదీయాల్సింది పెద్దలం. ప్రార్థన చేసి పంపిన బిడ్డ వెంట గుమ్మం దాకానైనా నడవడం మన పని.