మండపేటలో ఒక పరిశోధకురాలు

అపరాధ పరిశోధకుడనగానే తెలుగు చదువరి మనస్సులో ఒక రూపము మెదలును. అతడు పురుషుడు, నగరవాసి. చేత పిస్తోలు, వెంట ఒక సహాయకుడు. 1950ల చివరి నుండి కొమ్మూరి సాంబశివరావు నవలలలోని డిటెక్టివు యుగంధర్, అతని సహాయకుడు రాజు ఆ రూపమును స్థిరపరచిరి. తరువాతి రెండు దశాబ్దములలో యద్దనపూడి సులోచనారాణి మొదలైన రచయిత్రులు నవలారంగమును ఏలిరి. అయినను అపరాధ పరిశోధన మాత్రము పురుషుల సొత్తుగనే నిలిచినది. 1990ల మధ్య, ‘మా పసలపూడి కథల’ రచయిత వంశీ ఈటీవీ కొరకు రూపొందించిన ‘లేడీ డిటెక్టివ్’ ధారావాహిక ఆ కట్టును కొంత సడలించినది. కాని యుగంధర్ వలె ఇంటింటి పేరైన పరిశోధకురాలు తెలుగు నవలలో ఇంకను స్థిరపడలేదు.

ఈ లోటు తీర్చబూనిన రచయితకు మొదట ఎదురగు ప్రలోభము వేషము. యుగంధర్‌కు చీర కట్టినంత మాత్రమున, లేదా నాయిక నోట సిగరెట్టు పెట్టి మోటారుసైకిలు ఎక్కించినంత మాత్రమున కొత్త పాత్ర పుట్టదు. అసాధారణత కట్టులో గాక చూపులో ఉండవలెను. ఇతరులు చూచియు గమనింపనిదానిని ఆమె గమనింపవలెను. ఆ గమనిక ఆమె జీవితమునుండియే రావలెను.

అన్యభాషలలో చిరకాలము నిలిచిన పాత్రలు అట్టివే. అగాథా క్రిస్టీ 1930 నాటి నవలలో కనిపించు మిస్ మార్పుల్ అల్లికపనితో పొద్దుపుచ్చు పల్లెటూరి వృద్ధురాలు. ఆమె లోకజ్ఞానమంతయు తన గ్రామస్థులను చూచి సంపాదించినదే. 1998లో అలెగ్జాండర్ మెకాల్ స్మిత్ సృష్టించిన ప్రెషస్ రమోత్స్వే, తండ్రి విడిచిన పశువులనమ్మి బోట్స్వానాలో డిటెక్టివు కార్యాలయము తెరచినది. వీరిద్దరికిని ఊరే ఆయుధము.

అట్టి ఊరు గోదావరి డెల్టాలో లేకపోలేదు. బియ్యపు మిల్లులు, కోళ్లఫారములు, పంట కాలువలు గల మండపేటనే తీసికొనుడు. అక్కడ ఉద్యోగవిరమణ చేసిన తెలుగు పంతులమ్మ ఒకామె ఉన్నదనుకొనుడు. ముప్పదియేండ్లు పిల్లల వ్రాతపుస్తకములు దిద్దిన చేయి ఆమెది. మిల్లు గుమాస్తా ఆమె శిష్యుడే, పోలీసు జవాను ఆమె శిష్యుడే. జవానుకు వాకిట దొరకని సమాధానము ఆమెకు వంటింటిలో దొరకును.

ఆమెకు తగిన నేరమును కూడ ఆ నేలనుండియే ఎత్తుకొనవలెను. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కునిచ్చిన ఆంధ్రప్రదేశ్ చట్టము 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించినది; అంతకుముందే వివాహమైనవారికి మాత్రము ఆ హక్కు రాలేదు. 2005లో కేంద్ర చట్టము ఆ భేదమును తొలగించినది. కాని హక్కు చట్టములో చేరినంత సులభముగ ఇంటిలో చేరలేదు. చెల్లెలు తన వాటా వదలుకొన్నదని అన్న ఒక పాత కాగితము చూపును. సంతకము ఆమెదేనని ఊరంతయు ఒప్పుకొనును. పంతులమ్మ సందేహించును. ఆ అక్షరములు అచ్చముగ పదవ తరగతిలో ఆ పిల్ల వ్రాసినట్లే ఉన్నవి. కాగితముపై తేదీయో, పెండ్లియైన పదియేండ్లకు వేసినది. అప్పటికి ఆమె వ్రాత మారిపోయినదని ఏటేటా సంక్రాంతికి వచ్చిన ఉత్తరములు చెప్పుచున్నవి. ఎవరో పాత బడికాగితమును చూచి అనుకరించిరన్నమాట. ఇక వేసవిలో కాలువ కట్టివేయగా, కొంతకాలముగ కనబడని దస్తావేజు లేఖరి సైకిలు అడుగు బురదలో బయటపడినచో, కథ నడచుటకు పిస్తోలుతో పని యేమి?

చిన్న పట్టణములో నెలకొక హత్య జరుగునా యని కొందరు ఆక్షేపింపవచ్చును. జరుగదు, జరుగనవసరమును లేదు. మాయమైన స్త్రీధనము, తారుమారైన మిల్లు లెక్క, ‘స్టౌ పేలి’ మరణించినదని చెప్పబడిన కోడలు, ఇవి ఒక్కొక్కటి ఒక్కొక్క నవలకు చాలును. వరకట్న మరణము శిక్షాస్మృతిలో ప్రత్యేక నేరముగ చేరినది 1986లోనే. పొద్దుగూకిన తరువాత ఒంటరిగ తిరుగరాదని కుమారుడు అడ్డుపడునన్నది మరియొక ఆక్షేపణ. ఆ అడ్డంకి కథకు లోపము కాదు, బలము. గోడ దూకలేనిది గనుక ఆమె తలుపు తీయించుకొనుట నేర్చును.

అయితే అసలు పరీక్ష వేరొకటి ఉన్నది. నేరస్థుడు పట్టుబడగానే యుగంధర్ పని ముగియును. అతడు కారెక్కి వెడలిపోవును. పంతులమ్మ ఎక్కడికిని పోలేదు. కాగితము దొంగదని తేలినచో అన్న జైలుకు పోవును, చెల్లెలికి పుట్టిల్లు మూతపడును. ‘నిజము చెప్పవద్దు టీచరుగారూ, నాకు ఆ ఎకరము వద్దు’ అని ఆ చెల్లెలే వచ్చి ప్రాధేయపడినచో ఆమె యేమి చేయవలెను? లేఖరి భార్యకు ఏమని సమాధానము చెప్పవలెను? తెలుగు అపరాధ పరిశోధక నవల ఈ ప్రశ్నను ఎదుర్కొనినచో ఉపాధ్యాయులు దానిని బల్లక్రింద దాచి చదువు పుస్తకముగ గాక, తరగతిలో చర్చింపదగిన గ్రంథముగ చూతురు.

కావున ఈ వరుస నవలలకు పూనుకొను రచయిత నేరస్థుని పేరు బయటపెట్టిన పుటతో కలము దించరాదు. మరునాటి ఉదయము పంతులమ్మ కూరగాయల సంతకు పోవును. ఆ కుటుంబమువారు ఎదురుపడుదురు. ఆ ప్రకరణమును కూడ వ్రాయవలెను.