దేగ్‌లు పెట్టేవాళ్లున్నారు, ఖబర్ మోసేవాళ్లేరీ?

వరద వచ్చిందంటే మనవాళ్లు ముందు దేగ్ పెడతారు. పడవ దొరికితే పడవ, దొరక్కపోతే లారీ ట్యూబులు కట్టుకుని నడుంలోతు నీళ్లలో ఖానా పొట్లాలు మోస్తారు. మస్జిద్ తలుపులు తెరిచి, నీదే మజ్హబ్ అని అడక్కుండా చాపలు పరుస్తారు. 2009లో కర్నూలు మునిగినప్పుడు ఇదే, 2020లో హైదరాబాద్ అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు ఇదే, 2024లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడూ ఇదే. ఈ ఖిద్మత్ మనకు ఒకరు నేర్పాల్సింది కాదు.

నా షికాయత్ వేరే ఉంది. ఇంత చేసే మనం ఖబర్ మోసే పనిని మాత్రం పూర్తిగా సెల్ టవర్‌కి అప్పజెప్పేశాం. టవర్ బతికుంటే ఖబర్ ఉంటుంది. టవర్ పోతే ఇంతెజార్.

కర్నూలు సంగతే తీసుకోండి. 2009 అక్టోబర్ 2. తుంగభద్ర, హంద్రి రెండూ ఒక్కసారే ఊళ్లోకొచ్చాయి. మా ఖాలా ఇల్లు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచెళ్లేంత దూరంలో. నేనప్పుడు హైదరాబాద్‌లో ఒక పత్రిక డెస్కులో ఉన్నాను. రియాద్‌లో పనిచేసే ఖాలా కొడుకు అరగంటకోసారి ఫోన్ చేసేవాడు: "భాయ్, అమ్మీ ఖైరియత్ ఏమైనా తెలిసిందా?" నా టేబుల్ మీద ఏజెన్సీ వార్తలున్నాయి, హెలికాప్టర్ నుంచి తీసిన ఫోటోలున్నాయి, ఏ గేటు నుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలారో లెక్కలున్నాయి. ఖాలా మిద్దె మీద ఉందో లేదో మాత్రం ఎవరి దగ్గరా లేదు. రెండు రోజుల తర్వాత తెలిసింది, అందరూ సలామత్‌గా ఉన్నారని. ఆ రెండు రోజులూ అతను తినలేదు, పడుకోలేదు. అతనికి కావాల్సిందల్లా ఒక్క లైను: "అందరం మిద్దె మీద ఉన్నాం, ఖైరియత్."

ఆ ఒక్క లైనును కరెంటు, టవర్, కేబుల్ ఏదీ లేకుండా ఊరు దాటించే పద్ధతి అప్పటికే ఉంది. హామ్ రేడియో మీద ఈమెయిల్. దీని కోసం ప్రపంచమంతా ఎక్కువగా వాడే నెట్‌వర్క్ పేరు విన్‌లింక్. నడిపేది కంపెనీ కాదు, రజాకారానా పనిచేసే హామ్‌లు. (ఈ లఫ్జ్ చూసి ఉలిక్కిపడకండి. ఉర్దూలో రజాకార్ అంటే వాలంటీర్ అనే. మన చరిత్ర ఆ మాటకు వేరే రంగు పూసింది, అది ఇంకో రోజు మాట్లాడుకుందాం.)

ఇంటర్నెట్టే లేనప్పుడు ఈమెయిల్ ఎలా పోతుందని అడుగుతారు. ఒక షార్ట్‌వేవ్ రేడియో సెట్ కావాలి. ఒక ల్యాప్‌టాప్, ఆ రెండింటినీ కలిపే చిన్న పెట్టె, ఒక కారు బ్యాటరీ, మిద్దె మీంచి ఎదురుగా ఉన్న వేపచెట్టుకు కట్టుకునే రాగి తీగ. ఏడు మెగాహెర్ట్జ్ మీద పనిచేయడానికి ఆ తీగ మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని తక్కువ ఎత్తులో కట్టినా పర్వాలేదు, ఒక రకంగా అదే మేలు కూడా. తరంగం దాదాపు నిలువుగా పైకెళ్లి, ఆకాశంలో ఐనోస్ఫియర్ అనే పొరకు తగిలి, చుట్టూ మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర గొడుగులా దిగుతుంది. మధ్యలో కొండలున్నా అడ్డం రావు. కర్నూలు నుంచి హైదరాబాద్ ఆ గొడుగు కిందికే వస్తుంది.

మెసేజ్ టైప్ చేస్తే కంప్యూటర్ దాన్ని కుదించి కూతగా మారుస్తుంది. పాత ఫ్యాక్స్ మిషన్ కూత గుర్తుందా? అలాంటిదే. నీళ్లు రాని ఇంకో ఊళ్లో, ఇంకో హామ్ ఇంట్లో ఉన్న గేట్‌వే స్టేషన్ ఆ కూత విని మళ్లీ అక్షరాలు చేసి ఇంటర్నెట్‌లోకి ఎక్కిస్తుంది. గేట్‌వే మన రాష్ట్రంలోనే ఉండాలని లేదు, షార్ట్‌వేవ్‌కి సరిహద్దులు తెలియవు. అక్కడ నుంచి అది మామూలు ఈమెయిల్. ఇదీ అసలు సంగతి: రియాద్‌లో ఉన్నవాడికి రేడియో అక్కర్లేదు, లైసెన్స్ అక్కర్లేదు, చేతిలో ఫోన్ చాలు. అతను రాసిన జవాబు మెయిల్‌బాక్సులో కూర్చుని ఉంటుంది. ఇక్కడి హామ్ మళ్లీ గేట్‌వేని అందుకున్నప్పుడు దిగుతుంది. గేట్‌వేలు ఏవీ అందకపోతే ఒక హామ్ నుంచి ఇంకో హామ్‌కి ఇంటర్నెట్‌తో పనిలేకుండా నేరుగా పంపే ఏర్పాటు కూడా ఉంది. పంపే సాఫ్ట్‌వేర్ విన్‌లింక్ ఎక్స్‌ప్రెస్ ఇంటర్నెట్‌లో ముఫ్త్‌గా దొరుకుతుంది.

"మాట్లాడితే సరిపోదా, రాయడమెందుకు?" అని ఒక దోస్త్ అడిగాడు. రేడియోలో మాట్లాడటానికి దాని ఇజ్జత్ దానికుంది. 2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ అనే మహిళా హామ్ తన బృందంతో పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నారు. వెళ్లింది అండమాన్ నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటానికి. ఆ యాత్ర వెనక ఉన్నది మన హైదరాబాద్ సంస్థే, 1983లో పుట్టిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 26న సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. షౌఖ్ కోసం తీసుకెళ్లిన ఆ సెట్లే ద్వీపాల నుంచి మెయిన్‌ల్యాండ్‌కి ఖైరియత్ చేరవేశాయి. అదంతా గొంతుతోనే.

కానీ గొంతుకు ఒక కమ్జోరీ ఉంది, అది మన ఇళ్లల్లో ఇంకా ఎక్కువ. కోస్తాలో ఏ ఊరి క్యాంపుకైనా వెళ్లి "షేక్ మస్తాన్" అని పిలవండి, నలుగురు లేస్తారు. షేక్ బాజీలు ముగ్గురు. సయ్యద్ ఖాదర్, సయ్యద్ ఖాదిర్, అబ్దుల్ ఖదీర్ ముగ్గురూ వేరు వేరు మనుషులు. గరగర శబ్దంలో ఒక ఆపరేటర్ చదువుతుంటే, మన పేర్లతో పరిచయం లేని ఇంకో ఆపరేటర్ రాసుకుంటే, చివరికి కాగితం మీద మిగిలేది ఎవరు? ఇరవై ఏళ్లుగా డెస్కులో జాబితాలు చూస్తున్నాను. ప్రమాదాల్లో పోయినవాళ్ల పేర్లలో, ఆచూకీ లేనివాళ్ల పేర్లలో మన పేర్లు ఎన్ని వంకర్లు తిరుగుతాయో నాకు తెలుసు. షాహీన్ సాయిన్ అవుతుంది, ఖలీల్ కలీల్ అవుతాడు. వలీ అని ముగిసే ప్రతివాడూ ఒక్కడే అవుతాడు.

రేడియో ఈమెయిల్‌లో ఆ బాధ లేదు. మెసేజ్ చిన్న చిన్న ముక్కలుగా వెళుతుంది. ప్రతి ముక్కా సరిగ్గా అందిందని అవతలి స్టేషన్ చెప్పేదాకా ఇవతలి స్టేషన్ మళ్లీ మళ్లీ పంపుతుంది. ఇక్కడ ఏ స్పెల్లింగ్ కొట్టారో అక్కడ అదే తేలుతుంది. పేరు, తండ్రి పేరు, మొహల్లా, గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఈమెయిల్. యాభై కుటుంబాల జాబితా ఒక్కో అక్షరం చదువుతూ గంటసేపు గొంతు చించుకునే బదులు నిమిషాల్లో పోతుంది.

దీని విలువ ప్యూర్టోరికోకు అడగండి. 2017 సెప్టెంబర్ 20న మరియా తుఫాను ఆ ద్వీపం మీద పడింది. దాదాపు 34 లక్షల జనం. కరెంటు ద్వీపమంతా పోయింది, సెల్ టవర్లలో నూటికి 95 మూగబోయాయి. అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్న ప్యూర్టోరికో పిల్లలు మన గల్ఫ్ పిల్లల్లాగే ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు రెడ్‌క్రాస్ అమెరికా హామ్‌ల సంఘాన్ని యాభై మంది కావాలని అడిగింది. 22 మంది వెళ్లారు, మూడు వారాల దాకా ఉన్నారు. వాళ్లకు అప్పజెప్పిన మొదటి పని ఏంటో తెలుసా? బియ్యం పంచడం కాదు. బతికి ఉన్నవాళ్ల వివరాలు రాసుకుని, దూరంలో ఉన్న బంధువులు వెతుక్కునే రెడ్‌క్రాస్ జాబితాకు ఎక్కించడం. హామ్‌ల డేటా వేగం మీద అమెరికాలో అప్పటికున్న పాత హద్దును ఆ దేశ ఎఫ్‌సీసీ మరియా సహాయక సందేశాల కోసం తాత్కాలికంగా సడలించింది కూడా, విన్‌లింక్‌లో వాడే వేగమైన పాక్టర్-4 మోడెంలు పనిచేయడానికి. ఒక పెద్ద ప్రభుత్వం కాయిదాలు పక్కన పెట్టిందంటే ఆ మెయిల్స్ జరూరత్ ఎంతో అర్థం చేసుకోండి.

ఆ తుఫాను మృతుల సంఖ్య మొదట 64 అన్నారు. ఏడాది తర్వాత సర్కారే 2,975గా మార్చింది. ఎక్కువమంది గాలికి పోలేదు. తర్వాత నెలల తరబడి కరెంటు లేక, దవా అందక, డాక్టర్‌కి కబురు చేరక పోయారు. ఖబర్ అంటే దిల్‌కి తసల్లీ మాత్రమే అనుకునేవాళ్లకు ఈ లెక్క చెప్పండి. డయాలసిస్ పేషెంట్ ఏ ఇంట్లో ఉన్నాడో, ఇన్సులిన్ ఏ క్యాంపులో అయిపోయిందో బయటికి చెప్పేది కూడా ఖబరే.

శాటిలైట్ ఫోన్లు వచ్చాక ఇదంతా పాత సామాను అనేవాళ్లున్నారు. దుబాయ్ నుంచి వచ్చే మనవాళ్లకు తురాయా ఫోన్ తెలుసు. సర్కారు ఇజాజత్ లేకుండా దాన్ని ఇండియాలో దించితే విమానాశ్రయం నుంచి ఠాణాకే. పైగా ఇలాంటివన్నీ ఎవరో ఒక కంపెనీ చేతిలో ఉంటాయి, నెలనెలా చందా కట్టాలి. ఉన్నచోట వాడుకోండి, నేనేం కాదనను. మిద్దె మీది తీగకు మాత్రం చందా లేదు.

లోపాలు లేవని అనను. ఇది నెమ్మది. ఫోటోలు, వాయిస్ నోట్లు మరిచిపోండి, అక్షరాలే. ఇంకోటి, ఇక్కడ పర్దా లేదు. హామ్ రేడియోలో రహస్య లిపి వాడకూడదు, కూత అర్థం చేసుకోగల సాఫ్ట్‌వేర్ ఉన్నవాడెవడైనా చదవొచ్చు. కాబట్టి ఆడవాళ్ల ఫోన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, ఎవరి బీమారీ ఏంటనే తఫ్సీల్ పేరుతో సహా పంపకూడదు. "అమ్మీ, ఇద్దరు పిల్లలు క్యాంపులో, ఖైరియత్" చాలు. రోజూ అబ్బాకి సలాం పంపుకోవడానికీ ఇది కాదు. దేశాల మధ్య బయటివాళ్ల సందేశాలు హామ్‌లు మోయడానికి అంతర్జాతీయ కాయిదా ఇజాజత్ ఇచ్చేది ఆపద వేళ, సహాయక పనుల కోసమే.

ఇక మన ఇళ్లల్లో అసలు అడ్డంకి. అది టెక్నాలజీ కాదు. ఈ మాట ఎత్తగానే ఒక అమ్మీ నాతో అంది: "మన పిల్లోడి గదిలో వైర్‌లెస్ సెట్, మిద్దె మీద తీగ! రేపు ఎవరో ఏదో అంటే?" ఆ ఖౌఫ్‌ని నేను నవ్వి కొట్టిపారేయను. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలుసు, మీకూ తెలుసు. కానీ ఒక్కసారి ఈ సామాను స్వభావం చూడండి. లైసెన్స్ భారత ప్రభుత్వానిది. మీ కాల్‌సైన్ సర్కారు రికార్డులో ఉంటుంది. మాట్లాడేటప్పుడు మధ్యమధ్య అది చెప్పుకుంటూ ఉండాలి. మీరేం మాట్లాడినా లోకమంతా వింటుంది. దాక్కోవాలనుకునేవాడికి ఇంతకంటే పనికిరాని వస్తువు ఇంకోటి లేదు. రాజీవ్ గాంధీ కూడా లైసెన్స్ ఉన్న హామే. కాబట్టి తర్తీబ్ తప్పకండి: ముందు పరీక్ష, తర్వాత లైసెన్స్, ఆ తర్వాతే సెట్. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించిందని లైసెన్స్ లేకుండా చైనా వాకీటాకీ తెప్పించుకోవడం మాత్రం బేవకూఫీ. అప్పుడు అమ్మీ ఖౌఫే నిజమవుతుంది.

ప్రతి ఇంటికీ ఒక హామ్ కావాలని కాదు. తుఫానులు, వరదలు వచ్చే జిల్లాకు ఇద్దరు ముగ్గురు ఉన్నా చాలు. షార్ట్‌వేవ్ సెట్ కొత్తది కొనాలంటే ఖర్చు పెద్దదే, ఒక్కరి జేబు మోయలేదు. మొహల్లా కమిటీ ఒక ఏడు జల్సా స్టేజీ లైట్లు కొంచెం తగ్గించుకుంటే తేలుతుంది. కొన్నాక బీరువాలో పెట్టకూడదు. నెలకోసారైనా బ్యాటరీ మీద పెట్టి, గేట్‌వేని అందుకుని, ఒక మెయిల్ పంపి చూసుకోవాలి. వరద రోజు మాన్యువల్ తెరిచేవాడి వల్ల ఎవరికీ మదద్ అందదు. అమ్మాయిల్ని కూడా పరీక్షకు కూర్చోబెట్టండి. వరద నీళ్లలోకి పడవ మీద పంపడానికి మనసు రాదంటారు, సరే. ఇది ఇంట్లో కూర్చుని ఊరిని కాపాడే హునర్, దానికీ అభ్యంతరమేనా?

పరీక్షకు 12 ఏళ్లు నిండితే అర్హత. దరఖాస్తు టెలికాం శాఖ వాళ్ల సరళ్ సంచార్ పోర్టల్‌లో. రెండు గ్రేడులున్నాయి, రెస్ట్రిక్టెడ్ దానికి మోర్స్ కోడ్ రానక్కర్లేదు, అక్కడితో మొదలుపెట్టండి. సిలబస్‌లో కొంత కాయిదాలు, మిగతాది స్కూల్ ఫిజిక్స్. నాలాగా ఉర్దూ మీడియంలో చదివిన పిల్లలు మాటలు చూసి తికమకపడతారు గానీ, కరెంట్ అంటే మనం చదివిన బర్ఖీ రౌ, రెసిస్టెన్స్ అంటే ముజాహమత్, అంతే తేడా. లైసెన్స్ చేతికి రావడానికి టైం పడుతుంది కాబట్టి అక్టోబర్ తుఫానుల దాకా ఆగకుండా ఈ సెలవుల్లోనే ఫారం నింపించండి.