కళింగం మన పేరు కాదా?

కళింగ యుద్ధం ఎక్కడ జరిగిందని శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో డిగ్రీ చదివే కుర్రాణ్ని అడగండి. ఒడిశాలో అని ఠక్కున చెబుతాడు. తన ఊరు కూడా ఆ కళింగంలోదేనని మాత్రం చెప్పడు. తప్పు అతనిది కాదు, చెప్పినవాళ్లు లేరు. కళింగమంటే ఒడిశా అని అటువాళ్లు రాసుకున్నారు. ఆంధ్రుల చరిత్ర అంటే కృష్ణా గోదావరుల నడుమ జరిగిందేనని ఇటువాళ్లు రాసుకున్నారు. శాతవాహనులు, ఇక్ష్వాకులు, చాళుక్యులు, కాకతీయులు, రాయలవారు... ఈ వరసలో మనమెక్కడ? ఇద్దరి పుస్తకాల మధ్య జారిపోయిన పేజీ మనది.

పుస్తకంలో లేకపోతే పోయె, కొండల మీద ఉంది. భోగాపురం నుంచి భీమిలి వైపు వెళ్తే పావురాళ్లకొండ, ఆ తర్వాత బావికొండ, తొట్లకొండ. విజయనగరం దాటి నెల్లిమర్ల వైపు వెళ్తే రామతీర్థం. శ్రీకాకుళం దాటితే వంశధార ఒడ్డున సాలిహుండం. అన్నీ సుమారు రెండు వేల ఏళ్లనాటి బౌద్ధ క్షేత్రాలే. రాతిని తొలిచి వాననీళ్లు నిల్వ చేసుకున్న తొట్లే తొట్లకొండకు పేరయ్యాయి. బావికొండకు ఆ పేరు బావుల వల్ల వచ్చింది. రామతీర్థంలో స్తూపం ఉన్న కొండను జనం ఈనాటికీ గురుభక్తులకొండ అంటారు. ఏ గురువు, ఏ భక్తులు? ఆ సంగతి మరచిపోయినా పేరు మాత్రం మరవలేదు. మన జనం జ్ఞాపకం అంత గట్టిది.

తొట్లకొండలో 1988 నుంచి 1993 వరకు తవ్వితే శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. సముద్రం కనపడే కొండల మీదే భిక్షువులు ఎందుకు విహారాలు కట్టుకున్నారో ఆ నాణేలే చెబుతాయి. కింద రేవులు, రేవుల్లో ఓడలు, ఓడల్లో సరుకుతో పాటు ధర్మం కూడా సాగిపోయింది. కళింగం పేరు తూర్పు దీవుల దాకా పాకింది. మలయ భాషలో భారతీయులను పిలిచే కెలింగ్ అనే మాట కళింగం నుంచి వచ్చిందే. కాలక్రమంలో అదే మాట అక్కడ తిట్టుగా మారింది. ఒకనాడు ఓడల మీద వర్తకానికి వెళ్లిన నేల నుంచే ఆ తర్వాత రంగూనుకు కూలీలు వెళ్లారు. నేటికీ మనవాళ్లు మూటాముల్లె కట్టుకుని హైదరాబాదుకు, చెన్నైకు వలసపోతూనే ఉన్నారు.

అశోకుడి సంగతీ చూద్దాం. లక్షమందిని చంపామని, లక్షన్నర మందిని చెరపట్టామని, అంతకు ఎన్నో రెట్లమంది చనిపోయారని, అందుకు తాను బాధపడుతున్నానని తన 13వ శిలాశాసనంలో రాయించుకున్నాడు. దేశమంతా దాన్ని పాఠంగా చదువుతోంది. కానీ కళింగంలోని ధౌళి, జౌగడ శిలల మీద ఆ శాసనం లేదు. దాని చోట అధికారులకు వేరే ఆజ్ఞలున్నాయి. ప్రజలందరూ నా బిడ్డలే, కారణం లేకుండా ఎవరినీ చెరలో పెట్టకండి, హింసించకండి అన్నది వాటి సారాంశం. పశ్చాత్తాపం ఊరందరికీ చెప్పాడు, దెబ్బతిన్న కళింగంలో మాత్రం చెక్కించలేదు. ఓడిన జనానికి కావలసింది పాలకుడి కన్నీళ్లు కాదు, మంచి అధికారి అని అతనికి తెలిసే ఉండాలి. రెండు వేల మూడు వందల ఏళ్లయినా మన జనం అడుగుతున్నదీ అదే.

ఆ తర్వాత వచ్చిన ఖారవేలుడు మరో సంగతి చెప్పాడు. నందరాజు ఎత్తుకుపోయిన కళింగ జినుని విగ్రహాన్ని మగధ నుంచి తిరిగి తెచ్చానని భువనేశ్వర్ దగ్గరి హాథిగుంఫా శాసనంలో చెక్కించాడు. సొమ్ము పోయినందుకు కాదు, తమ దేవుడు పరాయి ఊళ్లో ఉన్నందుకు కళింగులు తరతరాలు బాధపడ్డారన్నమాట. ఆత్మగౌరవం అన్న మాట మనం నిన్న మొన్న నేర్చుకున్నది కాదు.

ఆ జినధర్మం ఆనవాళ్లు రామతీర్థంలోనూ ఉన్నాయి. అక్కడి దుర్గకొండ గుహలో 11వ శతాబ్దం నాటి తూర్పు చాళుక్య రాజు విమలాదిత్యుని కాలపు కన్నడ శాసనం ఉంది. ఆయన గురువైన జైనాచార్యుడు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు ఈ కొండకు వచ్చి మొక్కాడని అది చెబుతుంది. ఒక కొండ మీద బుద్ధుడు, పక్క కొండ మీద జినుడు, ఆ పక్కనే కోదండరాముడు. ఇదీ మన మతం, మన సంస్కృతి. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, ముందువాళ్ల గుర్తులు పూర్తిగా చెరిగిపోలేదు.

2020 డిసెంబరులో ఆ రాముడి విగ్రహాన్ని దుండగులు ధ్వంసం చేశారు. అది ఘోరం. అప్పుడు అన్ని పార్టీల నాయకులూ కొండెక్కారు, ఒకరినొకరు తిట్టుకున్నారు, దిగిపోయారు. పక్కనే ఉన్న గురుభక్తులకొండ గురించి ఒక్క మాటైనా మాట్లాడినవారేరీ? రాముడి మీద అంత భక్తి ఉన్నవారికి ఆ రామతీర్థం చరిత్ర మీద కాస్తయినా శ్రద్ధ ఉండొద్దా?

చరిత్ర చెప్పకపోతే ఏమవుతుందో అనకాపల్లి దగ్గరి బొజ్జన్నకొండ చెబుతుంది. అక్కడి బుద్ధుని విగ్రహాన్ని రాక్షసుడనుకుని కనుమ పండగనాడు జనం రాళ్లు రువ్వేవారు. ఏళ్ల తరబడి నచ్చజెప్పి ఆ ఆచారాన్ని ఆపాల్సి వచ్చింది. తాతలు మొక్కిన మూర్తికి మనవలు రాళ్లు విసిరారు. ఇంతకన్నా పెద్ద అన్యాయం ఒక జాతికి ఏముంటుంది? తొట్లకొండ మహాస్తూపం 2019 అక్టోబరు వానలకు కొంతమేర కూలిపోయింది. విసిరే రాయి ఒకటే ఇటుకను రాల్చదు, పట్టించుకోకపోవడమూ రాలుస్తుంది.

మనవాళ్లు పట్టించుకున్నప్పుడు ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోవాలి. సాలిహుండాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి. ముఖలింగం దగ్గర పుట్టి, అక్కడి శాసనాలు తనంతట తానే చదవడం నేర్చుకున్న బడిపంతులు ఆయన. సవరల భాష నేర్చుకున్నదీ, వాడుక భాష కోసం పోరాడిందీ ఆయనే. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసిపోతే అక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్లిపోయాడు. పెద్ద పదవి లేదు, సర్కారు నిధుల్లేవు. ఊరి మీద ప్రేమ ఉంది, చదువు ఉంది.

చరిత్ర కూడు పెడుతుందా అని అడిగేవాళ్లుంటారు. భోగాపురాన్ని చూడమనండి. అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయానికి 2019లో ఒకసారి, 2023లో మరోసారి శంకుస్థాపన చేశారు. దాని కోసం ముడసర్లపేట, మరడపాలెం లాంటి ఊళ్లు లేచిపోయాయి. ఆ రన్‌వే మీద దిగే జపాను, శ్రీలంక యాత్రికుడు ఏం చూడాలి? రియల్ ఎస్టేటు బోర్డులా, రెండు వేల ఏళ్ల కళింగమా? తీరం వెంట భూమి ధర పెరిగేకొద్దీ ముందు కరిగిపోయేవి కొండలే. హద్దులు తెలియని కొండకు కాపలా ఎవరు కాస్తారు?

అందుకే అడగాల్సినవి సూటిగా అడుగుదాం. ప్రతి బౌద్ధ, జైన క్షేత్రానికీ సర్వే చేసి హద్దురాళ్లు పాతాలి. ఇక్కడ దొరికిన వస్తువులు ఇక్కడి జనానికి కనపడేలా జిల్లా మ్యూజియాలు నిలబెట్టాలి. బడి పాఠాల్లోనూ గ్రూప్స్ సిలబస్‌లోనూ కళింగాంధ్రకు దాని చోటు దానికివ్వాలి.

సర్కారు ఇచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. టీచర్లు ఏడాదికోసారి పిల్లలను దగ్గరి కొండ ఎక్కించవచ్చు. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఊరూరా శాసనాలు, స్థలనామాలు, పెద్దల మాటలు రాసిపెట్టవచ్చు. రెవెన్యూ ఉద్యోగులు తమ దగ్గరున్న పాత రికార్డుల్లో ఈ కొండల సర్వే నంబర్లు వెతికి బయటపెట్టవచ్చు. గిడుగు ఒక్కడే అంత చేశాడు. మనం వేలమందిమి ఉన్నాం.