గర్భిణీస్త్రీలు - కానరాని అంటురోగములు

జహీరాబాదుకు చేరువనున్న మొగుడంపల్లి 2016లో మండలమైనది. కన్నడసీమ సరిహద్దున నున్న యిట్టి యూళ్లలో అవతలికి పిల్లల నిచ్చుటయు, అచ్చటినుండి కోడండ్రను దెచ్చుకొనుటయు కలదు. తొలికాన్పునకు పిల్ల పుట్టింటికి వచ్చునప్పుడు చీరలు, సారె సామానులు వెంట వచ్చును. రక్తపరీక్ష కాగితము మాత్రము అత్తవారింటి పెట్టెలోనే యుండిపోవును! సోదరీమణులు దీని నల్పవిషయముగా నెంచరాదని మా మనవి.

హెపటైటిస్-బి యను కాలేయరోగము తల్లియందు ఏ బాధయు లేకయే యుండవచ్చును. పురిటివేళ నది బిడ్డకు సోకును. అట్లు సోకిన శిశువులలో నూటికి 90 మందికి అది దీర్ఘరోగమై నిలిచి, పెద్దయిన పిదప కాలేయమును చెరచును. పుట్టిన 24 గంటలలోపల టీకాయు, తల్లికి రోగమున్నచో దానితోపాటు ఇమ్యునోగ్లోబులిన్ సూదిమందును వేసినచో బిడ్డను చాలవరకు కాపాడవచ్చును. కాగితమునకై మనిషిని సరిహద్దు దాటించునంతలో ఆ గడియలు గడచిపోవును గదా! రోగబలము హెచ్చుగా నున్నదని ముందే తెలిసినచో, కడపటి నెలలలో తల్లికిని మాత్ర లిత్తురు. టీకా పడిన బిడ్డకు చనుబా లీయవచ్చును, మానిపించ నక్కరలేదు.

సవాయిరోగ మిట్టిదే. పెన్సిలిను సూదిమందుతో కుదురును. ఉపేక్షించినచో బిడ్డ కడుపులోనే చనిపోవచ్చును. కోడలి రక్తమున దోషము కనబడినంతనే ఆమెను నిందించు పెద్దలు, కుమారుని కూడ పరీక్షకు పంపవలెను. అతనికి చికిత్స కానిచో ఆమెకు మరల సోకును. ఈ మాట చెప్పుటకు మేము సిగ్గుపడము.

గర్భమునకు ముందే చేయవలసిన పనియు నొకటి కలదు. రుబెల్లా గర్భిణికి సోకినచో బిడ్డకు పుట్టుకతోనే కంటిలో పొర, చెవుడు, గుండెదోషము కలుగునని 1941లో ఆస్ట్రేలియాలోని గ్రెగ్ అను నేత్రవైద్యుని పరిశీలనతో తెలియవచ్చెను. తెలంగాణమున 2017 ఆగష్టులో 15 ఏండ్లలోపు వారికి టీకాలు వేసిరి. అప్పటికి ఆ యీడు దాటినవారు వైద్యుల నడిగి, గర్భము ధరించుటకు నెలయైన ముందు వేయించుకొనవలెను. గర్భిణులకు ఈ టీకా తగదు.

ప్రతినెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులను ఉచితముగా పరీక్షించు నేర్పాటు 2016లో మొదలైనది. నెల తప్పినవారు ఆ తేదీకై వేచియుండక వెంటనే రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. రక్తమున రోగము బయటపడినచో ప్రసూతి వైద్యురాలితో పాటు అంటురోగముల నిపుణుని సలహాయు పొందవలెను. పురుటితో నీ పని తీరదు. హెపటైటిస్-బి గల తల్లి బిడ్డకు టీకాలన్నియు పూర్తియైన పిదప, తొమ్మిదవ నెల నిండినమీదట రక్తపరీక్ష చేయించి, ఆ కాగితమును గూడ తల్లి కాగితముతో నొకే సంచిలో నుంచవలెను.