ధీరోదాత్తుడా మల్లన్న? - పాత్ర విశ్లేషణ పద్ధతిపై ఒక అభ్యంతరం

తెలుగు శాఖల్లో సమర్పితమవుతున్న సిద్ధాంత గ్రంథాల్లో పాత్రచిత్రణకు ఒక అధ్యాయం దాదాపు తప్పనిసరి అయింది. ప్రధాన పాత్రలు, అప్రధాన పాత్రలు, స్త్రీ పాత్రలు అన్న ఉపశీర్షికల కింద కథను మళ్లీ చెప్పి, పాత్ర సజీవంగా ఉందని ముగించడం ఆనవాయితీ. (స్త్రీ పాత్రలు ప్రధానమో అప్రధానమో ఆ విభజన చెప్పదు.) ఇది విశ్లేషణ కాదు, పట్టిక.

ఈ అధ్యాయంలో వాడే కొలతలు ఒకచోటివి కావు. ధీరోదాత్తాది నాయక భేదాలు సంస్కృత రూపక లక్షణాలకు చెందినవి. బల్లపరుపు పాత్ర, గుండ్రని పాత్ర అన్న విభజనను ఫార్‌స్టర్ 1927లో నవలను ఎదుట ఉంచుకొని చేశాడు. అచేతన పరిభాష మనోవిశ్లేషణది. యెన్సెన్ రాసిన 'గ్రాడివా'లో నాయకుడికి వచ్చిన కలలను, అంటే నిజంగా ఎవరూ కనని కలలను, ఫ్రాయిడ్ 1907లో రోగి కలల వలెనే పరిశీలించాడు. సమాజశాస్త్రానికి పాత్ర ఒక వర్గపు ప్రతినిధి. ఈ దృష్టులు పరస్పరం పొసగవు. 1904లో బ్రాడ్లీ షేక్‌స్పియర్ పాత్రలను వ్యక్తులుగా చదివితే, లేడీ మాక్బెత్‌కు పిల్లలెందరని 1933లో నైట్స్ ఎగతాళిగా అడిగి ఆ పద్ధతినే తోసిపుచ్చాడు. మన అధ్యాయాల్లో మాత్రం ఇవన్నీ పేచీ లేకుండా పక్కపక్కనే కూర్చుంటాయి.

నవల విషయంలో ఈ కలగాపులగం పెద్దగా హాని చేయకపోవచ్చు. ఒగ్గుకథ దగ్గర చేస్తుంది. జగిత్యాల, రాయికల్, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఈ కళకు పరాయివి కావు. పేరుపొందిన ఒగ్గు కళాకారుడు మిద్దె రాములుది వేములవాడ సమీపంలోని హనుమాజీపేట. సి. నారాయణరెడ్డి పుట్టిన ఊరూ అదే. మల్లన్న కథలో ప్రధాన కథకుడు ఒక క్షణం కథ చెప్పేవాడు, మరుక్షణం మల్లన్న, ఆ వెంటనే గొల్ల కేతమ్మ. గొంతు మారుతుంది, నడక మారుతుంది, డోలు దెబ్బ మారుతుంది. పక్కనున్న వంతదారు ప్రశ్నిస్తే పాత్ర మళ్లీ కథకుడవుతుంది. పట్నం వేసి మల్లన్న పెండ్లి జరిపే వేళ ఆ పేరు పాత్రది కాదు, దేవుడిది. కథకుడు అప్పుడు పూజారి. ఇటువంటి మల్లన్నను ధీరోదాత్తుడనో గుండ్రని పాత్ర అనో తేల్చడం వల్ల తెలిసేదేమిటి? గొల్ల కేతమ్మ, బలిజ మేడలమ్మల తగవును 'సవతి మత్సరం' అని ఒక్క మాటతో సరిపెడితే, రెండు కులాలను ఒక దేవుడి ఇంట్లోకి తెచ్చిన కథాయుక్తి కనబడకుండా పోతుంది.

ప్రాప్ 1928లోనే పాత్రను స్వభావం నుంచి క్రియకు మరల్చాడు కదా అని ఒక సమాధానం వినిపిస్తుంది. అతడి 31 ప్రకార్యాలు రష్యన్ అద్భుత కథల నుంచి తీసినవి. పైగా అవి కథాంశానికి సంబంధించినవి, ప్రదర్శనకు కావు. డోలు ఎక్కడ ఆగిందో ఆ సూత్రాలు పట్టించుకోవు.

ఒగ్గుకథపై పరిశోధన చేసేవారు ముందుగా నమోదు చేయవలసింది పాత్రల గుణగణాలను కాదు. ఏ మాట ఎవరి గొంతులో వచ్చింది, వంతదారు ఎక్కడ అడ్డు తగిలాడు, కథ చెప్పించుకున్న ఇంటివారు ఏ ఘట్టంలో లేచి మొక్కారు అన్నవాటిని. అచ్చుప్రతిని మాత్రమే ముందుంచుకొని రాసిన పాత్రచిత్రణ అధ్యాయాన్ని పరీక్షకులు వెనక్కి పంపాలి.