ఒక చెవి పోతే లెక్కలోకి రాదా?

"ఒక చెవి వినపడుతోందిగా, పని జరిగిపోతోందిగా, ఇంకేం కావాలి?" ఈ మాట మన ఇళ్ళల్లో, ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో తరచూ వినపడేదే. పని జరిగిపోవడాన్నే స్త్రీకి ఏ లోటూ లేదనడానికి రుజువుగా చూపడం మనకు కొత్త కాదు. నడుం నొప్పి, రక్తహీనత, నిద్రలేమి, అన్నింటి విషయంలోనూ ఇదే తీర్పు. ఒక చెవి పూర్తిగా పోయి రెండో చెవి ఎంతో కొంత మిగిలిన స్త్రీల విషయంలో ఈ తీర్పు ఇంటి గడప దాటి చట్టాల్లోకి, ప్రభుత్వ పథకాల్లోకి కూడా ఎక్కింది. అందుకే ఈ సంచికలో దీన్ని చర్చకు పెడుతున్నాం.

రెండు చెవుల అవసరం ఏమిటో ముందు చూద్దాం. పక్కనుంచి వచ్చే శబ్దం ఒక చెవికి ముందు, రెండో చెవికి సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో చేరుతుంది. ఆ తేడాను, శబ్దం హెచ్చుతగ్గులను బట్టి అది ఎటునుంచి వచ్చిందో మెదడు పోల్చుకుంటుంది. రొదలోంచి మాటను ఏరి పట్టుకోవడానికీ రెండు చెవులూ కావాలి. ఒక చెవి పోయిన మనిషికి, ఆ వైపు నుంచి వచ్చే మాటకు తన తలే అడ్డుగోడ అవుతుంది. అందుకే నిశ్శబ్దంగా ఉన్న గదిలో చక్కగా మాట్లాడే స్త్రీ, సికింద్రాబాద్ స్టేషన్ ప్లాట్‌ఫారం మీదో, మోండా మార్కెట్లో బేరం దగ్గరో, మిషన్లు ఆడుతున్న కుట్టు కేంద్రంలోనో మాట అందక తడబడుతుంది. పారడైజ్ దగ్గర రోడ్డు దాటేటప్పుడు హారన్ వినపడుతుంది గాని బస్సు ఎటునుంచి వస్తోందో తెలియదు. రోజంతా పెదాల కదలికలు చూస్తూ, సగం మాటలు ఊహించుకుంటూ గడపడం ఎంత శ్రమో పడేవారికే తెలుసు. ఈ శ్రమకు గుర్తింపు లేకపోగా 'పిలిస్తే పలకదు, పొగరు' అనీ, 'ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తుంది' అనీ నిందలు. పెళ్ళిచూపుల నాడు దాచమంటారు, పెళ్ళయ్యాక దాచారని దెప్పుతారు.

మరి చట్టం ఏమంటోంది? 1995 నాటి వికలాంగుల చట్టం 'మెరుగైన చెవి'లో 60 డెసిబెల్స్ లేదా అంతకు మించి లోపం ఉంటేనే వినికిడి లోపం అంది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 'రెండు చెవుల్లోనూ' 60 నుంచి 70 డెసిబెల్స్ లోపం ఉండాలని, 70 డెసిబెల్స్ లోపం ఉంటే బధిరత్వమని నిర్వచించింది. శాతం లెక్కగట్టే పద్ధతి మరీ విచిత్రం. 2018 మార్గదర్శకాల ప్రకారం మెరుగైన చెవి లోపం శాతాన్ని ఐదుతో హెచ్చవేసి, దానికి చెడిన చెవి శాతం కలిపి, మొత్తాన్ని ఆరుతో భాగించాలి. అంటే ఒక చెవి నూటికి నూరు శాతం పోయి, రెండోది బాగుంటే వచ్చేది 17 శాతం లోపే. ఆ మెరుగైన చెవి కూడా 25 శాతం దెబ్బతింటే 37.5 శాతం. రిజర్వేషన్ వంటి హక్కులకు చట్టం గీసిన గీత 40 శాతం. మన రెండు రాష్ట్రాల్లో జనం 'సదరం' అని పిలుచుకునే సర్టిఫికెట్టు కోసం క్యూలో నిలబడి, వట్టి చేతులతో తిరిగి వచ్చే స్త్రీకి ఈ కూడికలూ భాగహారాలూ ఎవరూ వివరించరు.

ఇదే దేశంలో నేరచట్టం ఇంకో మాట చెబుతోంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి 320వ సెక్షన్, రెండు చెవుల్లో ఏ ఒక్క చెవి వినికిడి శాశ్వతంగా పోయినా అది తీవ్రమైన గాయమే అంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ కూడా అదే మాట నిలుపుకుంది. కొట్టినవాడిని శిక్షించేటప్పుడు ఒక చెవి పోవడం తీవ్రమైన నష్టం. దెబ్బ తిన్న మనిషి తనకు ఆసరా కావాలని అడిగేటప్పుడు మాత్రం అదే చెవికి ఆరింట ఒక వంతు విలువ! గృహహింస కేసులు చూస్తున్న మనకు ఈ తేడా ఊరికే వదిలేయదగ్గది కాదు. చెంపదెబ్బకు కర్ణభేరి చిరగడం మనకు తెలిసిన సంగతే. చాలావరకు అది మానుతుంది, లేదా ఆపరేషన్‌తో సరిచేయవచ్చు. లోపలి చెవి దెబ్బతింటే మాత్రం పోయిన వినికిడి తిరిగి రాకపోవచ్చు.

లోపలి చెవి పాడైనవారి కోసం వచ్చినదే కాక్లియర్ ఇంప్లాంట్. మామూలు వినికిడి మిషను శబ్దాన్ని పెద్దది చేస్తుంది. ఇంప్లాంట్ అలా కాకుండా, నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కాక్లియాలోకి సన్నటి ఎలక్ట్రోడ్లను పంపి, శబ్దాన్ని విద్యుత్ సంకేతాలుగా నేరుగా వినికిడి నరానికి అందిస్తుంది. చాలాకాలం దీన్ని రెండు చెవులూ బాగా పోయినవారికే అమర్చేవారు. 2008లో బెల్జియంలోని ఆంట్వెర్ప్ వైద్యులు, ఒక చెవి పోయి ఆ చెవిలో భరించలేని హోరుతో బాధపడేవారికి దీన్ని అమర్చి, హోరు తగ్గుతోందని ప్రకటించారు. 2019 జులైలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, ఒక చెవే పోయినవారికీ, రెండు చెవుల మధ్య బాగా తేడా ఉన్నవారికీ ఒక కంపెనీ ఇంప్లాంటును వాడటానికి అనుమతి ఇచ్చింది. చెడిన చెవికి ఇంప్లాంటు, రెండో చెవికి మామూలు మిషను పెట్టుకుని రెండింటితోనూ వినడం ఇవాళ వైద్యంలో గుర్తింపు ఉన్న పద్ధతి.

ఇది మంత్రదండం కాదన్నదీ స్పష్టంగా చెప్పుకోవాలి. పుట్టుకతోనో, చిన్నప్పుడు గవదబిళ్ళల వల్లనో ఒక చెవి పోయి దశాబ్దాలు గడిచినవారికి ఫలితం తక్కువగా ఉండవచ్చు. ఆపరేషన్‌తో ఆ చెవిలో మిగిలి ఉన్న కాస్త వినికిడీ పోవచ్చు. మొదట్లో మాటలు యంత్రం గొంతులా వినపడతాయి, నెలల తరబడి సాధన చేయాలి. చెవిలో చీము, కర్ణభేరి చిల్లు, మధ్య చెవి ఎముక బిగుసుకుపోవడం వంటివాటికి వేరే చికిత్సలున్నాయి. చెడిన వైపు శబ్దాన్ని మంచి చెవికి చేరవేసే మిషన్లు ఉన్నాయి, వాటికి ఆపరేషన్ అక్కరలేదు. అసలు ఇవేవీ వద్దు, ఉన్న వినికిడితోనే బతుకుతానని ఒక స్త్రీ అనుకుంటే అదీ ఆమె హక్కే. నిర్ణయం ఆమెదే అయినప్పుడు, దానికి కావలసిన సమాచారం, పరీక్షలు, డబ్బు ఆమెకు అందుబాటులో ఉండాలి.

డబ్బు దగ్గరే తలుపు మూసుకుపోతోంది. వినికిడి లోపం మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆడిప్ పథకం కింద ఇంప్లాంట్లకు ముంబైలోని ఆ సంస్థే నోడల్ ఏజెన్సీ. 2014లో సవరించిన ఆ పథకం ఒక్కో ఇంప్లాంటుకు 6 లక్షల రూపాయల దాకా ఇస్తామంది, అదీ పుట్టుకతో వినపడనివారికి 1 నుంచి 5 ఏళ్ళ లోపు, తర్వాత వినికిడి పోయినవారికి 5 నుంచి 18 ఏళ్ళ లోపు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా కాక్లియర్ ఆపరేషన్లను పిల్లల కోసమే తలపెట్టింది. పిల్లలకు ముందు ఇవ్వడం న్యాయమే, మాటలు నేర్చే వయసు దాటిపోతే తిరిగి రాదు. కానీ ముప్ఫై అయిదేళ్ళ వయసులో చెవి పోయిన స్త్రీ ఏ పథకం గుమ్మం తొక్కాలి? లక్షలు పోసే శక్తి ఉన్న ఇంట్లో కూడా ఆ డబ్బు ఆమె చెవి మీద పెట్టడానికి ఎందరు ఒప్పుకుంటారు? కూతురి పెళ్ళి, కొడుకు చదువు, ఇంటి అప్పు, అన్నీ ఆమె చెవి కన్నా ముందుంటాయి.

కాబట్టి మనం కొన్ని కోర్కెలు గట్టిగా వినిపించాలి. శాతం లెక్కలో చెడిన చెవికి ఇచ్చే విలువను తిరిగి పరిశీలించాలి. ఇంప్లాంటు సహాయానికి 18 ఏళ్ళ గీత చెరిపేసి, ఎవరికి ప్రయోజనం ఉంటుందో వైద్య పరీక్షతో తేల్చాలి. ఇంప్లాంటు పెట్టి చేతులు దులుపుకోకుండా బ్యాటరీలు, మరమ్మతులు, వినికిడి శిక్షణ ఖర్చు కూడా పథకమే భరించాలి.

ప్రభుత్వం కదిలేలోగా మనం చేయగలిగినవీ ఉన్నాయి. మన ఆరోగ్య శిబిరాల్లో రెండు చెవులనూ విడివిడిగా పరీక్ష చేయించాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే గులిమి అనో జలుబు అనో ఊరుకోకుండా, కోఠీ ఇ.ఎన్.టి. ఆసుపత్రికో, గాంధీకో వెంటనే పంపాలి. మొదటి రెండు వారాల్లో మొదలుపెట్టే స్టెరాయిడ్ చికిత్సతోనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. గృహహింస కేసుల్లో చెవి మీద దెబ్బ తగిలిందంటే ఆడియోగ్రామ్ తీయించి ఫైలులో పెట్టాలి. 2005 గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద వైద్య ఖర్చులు కోరవచ్చునని ఆమెకు చెప్పాలి. మన మీటింగుల్లో మూలన కూర్చుని మాట్లాడకుండా వెళ్ళిపోయే సోదరిని, నీకు ఏ వైపు బాగా వినపడుతుందని అడిగి ఆ వైపు కూర్చుందాం. ఒక చెవితో నెట్టుకొస్తోంది కదా అని ఆమె రెండో చెవిని లెక్కలోంచి కొట్టేసే హక్కు చట్టానికీ లేదు, మనకూ లేదు.